మూలబడిన మోటారుకారు: తాళము త్రిప్పుటకు ముందు

కుట్టుమిషను రెండు మూడేండ్లు మూలనుండినయెడల దానిని మరల వాడుటకు ముందు మనమేమి చేయుదుము? దుమ్ము తుడుతుము. సందులలో చిక్కిన నూలుపోగులను సూదితో లాగివేయుదుము. రంధ్రములలో రెండేసి చుక్కల నూనె వేసి, దారమెక్కింపక, చక్రమును చేతితో మెల్లగా ఇటునటు త్రిప్పి చూతుము. బిగిసియున్నచో మఱికొంత నూనె వేసి ఒక పూట ఆగుదుము. అంతియేకాని, "ఎందుకు తిరగదో చూస్తాను" అని కాలితో బలముగా త్రొక్కి పట్టుపట్టు ఇల్లాలు ఉండదు.

ఈ తెలివి మోటారుకారు దగ్గఱకు వచ్చునప్పటికి ఇంటిల్లిపాదిని విడిచిపోవుచున్నది. పదియేండ్లు కదలని బండికి క్రొత్త బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పుటకే అందఱును తొందరపడుదురు. ఆ తొందరవలన కలుగు ముప్పును, దానిని తప్పించుకొను మార్గమును మా యింటి అనుభవము ఆధారముగా సోదరీమణులకు చెప్పదలచితిమి. కారు మగవారి వస్తువు, మనకేల యని తలంపవలదు. బండి నిలిచియుండునది మన యింటిలోనే; దానికగు ఖర్చు మన సంసారములోనిదే; దానివలన ప్రమాదము కలిగినచో మొదట ఉలికిపడువారమును మనమే.

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్ వెనుక సందులలో నొకదానియందు మా యిల్లు కలదు. తెల్లవారకమునుపే అక్కడ కూరగాయల బస్తాలు దిగును. కలాసీల కేకలు, తోపుడుబండ్ల చప్పుడు, తడిసిన కొత్తిమీర వాసన, ఇవియే మాకు మేలుకొలుపు. ఆ సందులోనికి తలుపులుగల రేకుల షెడ్డులో మా మామగారి అంబాసిడరు కారుండెను. 1986లో వారు కొనిన పెట్రోలు బండి యది. మా ఆడుబిడ్డ పెండ్లినాడు పెండ్లికుమారుడు విడిదికి వచ్చినది అందులోనే. మా పెద్దవాడు పుట్టినప్పుడు కింగ్ జార్జి ఆసుపత్రినుండి మేమింటికి వచ్చినదియు అందులోనే. ఏటేట వైశాఖమున మా అత్తగారు సింహాచలమునకు పోవునదియు ఆ బండిమీదనే.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా పట్టణముపై విఱుచుకొనిపడినది. ఆనాడు షెడ్డు రేకులు రెండు ఎగిరిపోయెను. బండికి పెద్ద దెబ్బ తగులలేదుగాని, ఆ నెలలోనే మామగారు మంచముపట్టిరి. మఱుసటి యేట కాలము చేసిరి. రేకులు మరల వేయించి, బండిమీద టార్పాలిను కప్పితిమి. తరువాత దానిమాట ఎవ్వరును ఎత్తలేదు. కలకత్తా చేరువనున్న ఉత్తరపార కర్మాగారమున అంబాసిడరు కార్ల తయారీ నిలిచిపోయినదియు ఆ 2014వ సంవత్సరము మే నెలలోనే. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాననుసరించి 1950 దశకము చివర మొదలైన ఆ బండి, యాభదియేండ్లకు పైగా మన రోడ్లమీద తిరిగి, ఆ యేట చరిత్రలోనికి పోయినది.

పదియేండ్లు గడచిన పిమ్మట పాత యినుము కొనువాడొకడు వచ్చి బండిని తూనికకు అడిగెను. మా వారును మఱదియు ఇచ్చివేయుటకే మొగ్గిరి. షెడ్డు ఖాళీయగును గదా! మా అత్తగారు మాత్రము వంటయింటి గడపలో నిలువబడి, "నడిచే బండిని అమ్ముకోండి, వద్దనను. నడుస్తుందో లేదో చూడకుండా ముక్కలు చేయించకండి" అనిరి. దానితో ఒక ఒప్పందము కుదిరెను. ఒక్కసారి ప్రయత్నించి చూడవలెను. ఇంజను ప్రాణముతో నుండినచో బండి ఉండును. పాడైనచో తూనికకు పోవును.

ఆ సాయంకాలమే మా మఱది కుమారుడు క్రొత్త బ్యాటరీ మోసికొనివచ్చి తాళము కొఱకు చేయి చాచెను. అదృష్టవశమున మామగారి కాలమునుండి బండిని చూచుచున్న ముసలి మేస్త్రీ అప్పుడే వచ్చి, "తాళం అమ్మగారి కిచ్చీ బాబూ. దాంతో పని ఆకర్నే" అనెను. అత్తగారు ఆ తాళమును కొంగున ముడివేసికొనిరి. అది ముడి విప్పుకొని వెలికి వచ్చుటకు పదునొకండు దినములు పట్టెను.

నిలిచిన ఇంజనుకు కలుగు చెఱుపు

మేస్త్రీ అట్లు అడ్డుపడుటకు కారణము మాకు కొంత తెలియును. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు బండ్లు ఎక్కడివక్కడ నిలిచెను. మా బంధువుల యింట అంతకుముందే కొన్నియేండ్లుగా మూలనున్న కారొకటి కలదు. ఊరు తెఱచిన సంతోషమున వారు దానికి బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పిరి. బండి గట్టిగా మొఱసి నిమిషము నడచెను. పిమ్మట లోపల టకటక కొట్టుకొని ఆగిపోయెను. విప్పిచూడగా ఒక వాల్వు తుప్పుతో బిగిసికొనియుండుటచేత దానిని త్రోయు కడ్డీ వంగిపోయినదట. ముందుగా నూనె చుక్కలతో తీరవలసిన పని ఇంజను విప్పించుటవఱకు పోయినది.

బండ్లు నిలిచిపోవుట క్రొత్త సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలుకు రేషను వచ్చి దేశమంతట కార్లు షెడ్లలో మూలబడెను. బస్సులు బొగ్గుగ్యాసుతో నడచెను. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసినప్పుడు జనులు భయపడి ఇండ్లువాకిండ్లు విడిచి పోయిరి. తుపానో, యుద్ధమో, రోగమో, ఇంటిపెద్ద మరణమో, కారణమేదైనను నిలిచిన ఇంజను లోపల జరుగునది ఒక్కటే. దానిని తెలిసికొనవలెను.

మా బండివంటి ఇంజనులో సిలిండరులను నాలుగు గుండ్రని గదులు కలవు. రోటిలో రోకలివలె ఒక్కొక్కదానిలో పిస్టను అను లోహపు దిమ్మ పైకి క్రిందికి ఆడును. పిస్టను చుట్టును ఉంగరములవంటి రింగులుండును. ఆ రింగులకును సిలిండరు గోడకును నడుమ నుండునది మిక్కిలి పలుచని నూనెపొర మాత్రమే. బండి నడచునంతకాలము ఒక పంపు అడుగుననున్న నూనెను తోడి అన్ని భాగములకు అందించును. బండి చిరకాలము నిలిచినచో ఆ నూనె మెల్లమెల్లగా క్రిందికి జారిపోవును, గోడలు పొడియగును. గాలిలోని తేమ ఆ పొడియినుముమీద చేరి తుప్పు పుట్టించును. మా పట్టణము సముద్రపుటొడ్డున నున్నది. ఉప్పుగాలికి కిటికీ చువ్వలును బీరువా కీళ్ళును ఎట్లు తుప్పుపట్టునో మేము దినదినము చూచుచునే యున్నాము. పైగా ఇంజను ఏ స్థితిలో ఆగినను ఏదో ఒక సిలిండరునందు వాల్వు తెఱచియే యుండును. ఆ దారిని తేమగాలి నేరుగా లోపలికి పోవును. అందుచేత నాలుగింటిలో ఒకటి తక్కినవానికంటె ఎక్కువ చెడును.

ఇట్టి ఇంజనును సెల్ఫుతో ఒక్కసారిగా త్రిప్పినచో అంటుకొనియున్న రింగులు విఱుగవచ్చును. తుప్పురేణువులు ఉప్పుకాగితమువలె గోడలను గీరును. నూనె పైకి చేరులోపలనే లోహము లోహముతో రాచుకొనును. పదియేండ్ల విశ్రాంతి చేయని చెఱుపును పది క్షణముల తొందర చేయును. మేము నేర్చిన ముఖ్యమైన పాఠమిదియే.

మొదటి పని: చూచుట, తడుపుట

మేస్త్రీ మొదట బ్యాటరీని దూరముగా పెట్టించెను. చక్రములకు ముందువెనుకల కఱ్ఱదిమ్మెలు అడ్డుపెట్టి, గేరు తటస్థముగా నుంచి, బానెట్టు తెఱచుటకు ముందు కఱ్ఱతో నాలుగుమార్లు తట్టెను. నిలిచిన బండి ఎలుకలకు ఇల్లు. ఎలుకలున్నచోట పాములుండుటయు కలదు. పాము లేదుగాని, గాలి వడకట్టు డబ్బాలో ఎలుకగూడు కనబడెను. ఉల్లిపొట్టు, గోనెనార, ఎండుమిర్చి తొడిమలు! పూర్ణా మార్కెట్టంతయు అందులో నుండెను. అది చూడక బండిని నడిపినయెడల ఆ చెత్త ఇంజనులోనికి పోయెడిది. ఎలుకలు రెండు విద్యుత్తీగెలపై తొడుగునుకూడ కొఱికియుండెను. తొడుగులేని తీగె ఇనుమునకు తగిలినచో నిప్పు పుట్టును. కావున వానిని మార్పించితిమి. వెనుక పొగగొట్టపు మూతిలో కందిరీగల మట్టిగూడు కట్టియుండగా దానినికూడ తీసివేసితిమి.

తరువాత ప్లగ్గులు విప్పుట. విప్పుటకు ముందు వాని చుట్టునున్న దుమ్మును సైకిలు పంపుతో ఊదవలెను. లేనిచో దుమ్ము గుంటలోనుండి సిలిండరులో పడును. తీగెలు తారుమారు కాకుండ ఊరగాయ జాడీలకు అంటించునట్టి చీటీలు వ్రాసి 1, 2, 3, 4 అని కట్టితిమి. ఇంజను నూనెలో సమముగా డీజిలు కలిపి, పిల్లలకు మందుపోయు పిచికారీతో ఒక్కొక్క సిలిండరులో సుమారు 10 మిల్లీలీటర్లు పోసితిమి. ప్లగ్గు గుంటలపై శుభ్రమైన గుడ్డలు కప్పి రెండు దినములు దానిజోలికి పోలేదు. డీజిలు పలుచనిదగుటచే సందులలోనికి ప్రాకును. నూనె గోడలను పట్టుకొనియుండును. ఎక్కువ పోసిన మంచిదని తలంపరాదు. ద్రవము గాలివలె అణగదు. పిస్టనుపై నూనె నిండియుండగా ప్లగ్గులు బిగించి త్రిప్పినచో లోపలి కడ్డీలు వంగును.

చేతితో త్రిప్పుట

మూడవనాడు ముందు బంపరు రంధ్రమునుండి హ్యాండిలు పెట్టి త్రిప్పబోయిరి. ఈ హ్యాండిలు పాత బండ్లకు గొప్ప వరము. దానిని పట్టుటకు ఒక నియమము కలదు. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే యుంచవలెను, పిడికిలి చుట్టరాదు. హ్యాండిలు వెనుకకు తన్నినచో బొటనవ్రేలు విఱుగకుండుటకే ఈ జాగ్రత్త. హ్యాండిలు లేని బండ్లకు ముందుభాగమున కప్పీ మధ్యనుండు బోల్టును పానాతో పట్టి త్రిప్పుదురు.

హ్యాండిలు కదలలేదు. మా వారును మఱదియు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ఇనుము కొనువాని టెలిఫోను సంఖ్య గోడమీద వ్రాసియే యుండెను. మఱది కుమారుడు సందులోనున్న నలుగురు కలాసీలను పిలిచి, గేరులో వేసి త్రోయింతమనెను. మేస్త్రీ తల అడ్డముగా త్రిప్పి, "బలం మనది బాబూ, ఇరిగీది దాని నడుం" అనెను. మరల తలకొక 5 మిల్లీలీటర్లు పోసి తలుపులు మూసితిమి.

నాలుగవనాడును కదలలేదు. అయిదవనాడు హ్యాండిలును ముందుకొక బొటనవ్రేలి వెడల్పు, వెనుకకొక బొటనవ్రేలి వెడల్పు, మెల్లగా ఊపుచుండగా చిన్న చప్పుడు వినబడెను. చిరకాలము మూసియున్న జాడీమూత వదలినట్టి చప్పుడది. పిమ్మట పావుచుట్టు, అరచుట్టు, చివరకు పూర్తి చుట్టు తిరిగెను. వంటయింటిలోనున్న అత్తగారు "కదిలిందా?" అని మాత్రమే అడిగి, తాళపు కొంగును సవరించుకొని, కూర కలుపుటకు పోయిరి.

ఇంజను తిరిగినంత మాత్రమున తాళము త్రిప్పరాదు. మేస్త్రీ ఇంజను పైమూత విప్పెను. మా బండికి వాల్వులు ఎనిమిది. ఒకరు హ్యాండిలు త్రిప్పుచుండగా మఱియొకరు ఒక్కొక్క వాల్వు క్రిందికి దిగి మరల పైకి లేచుచున్నదా యని చూడవలెను. మేము చీటీమీద ఎనిమిది గీతలు గీసికొని ఒక్కొక్కదానికి గుర్తుపెట్టితిమి. ఆఱవది దిగి, దిగినట్లే యుండిపోయెను. మా బంధువుల బండిని చెఱిపినది ఇట్టి వాల్వే! దాని కాడమీద నూనె పోసి, ఒక రాత్రి ఆగి, మఱునాడు చెక్కసుత్తితో సుతారముగా తట్టగా లేచెను. పదిమార్లు త్రిప్పి, పదిమార్లును లేచినదని చూచినపిమ్మటనే మూత బిగించితిమి.

నూనె, నీరు, పెట్రోలు

పాత నూనెను అడుగు మఱనుండి దింపితిమి. దానికంటె ముందు రెండు గరిటెల నీరు వచ్చెను. నూనెకంటె నీరు బరువు గనుక అడుగున చేరును. పదియేండ్లలో గాలితేమయే అట్లు నీరైయుండును. నూనె పాలు కలిపిన టీవలె తెల్లబారి చిలికినట్లున్నచో రేడియేటరు నీరు లోపల కలియుచున్నదేమోయని అనుమానింపవలెను. అప్పుడు ముందునకు పోక మేస్త్రీచే తప్పక పరీక్ష చేయింపవలెను. మా నూనె నల్లబెల్లపు పాకమువలె నుండెనుగాని తెల్లబారలేదు. క్రొత్త నూనెయు క్రొత్త వడపోత డబ్బాయు వేయించితిమి.

రేడియేటరు నీరు తుప్పురంగున వచ్చెను. తేటనీరు వచ్చువఱకు కడిగి, పగుళ్ళువారిన రబ్బరు గొట్టములను, ఫ్యాను బెల్టును మార్పించితిమి.

పెట్రోలు సంగతి మఱింత జాగ్రత్తతో చూడవలెను. పాత పెట్రోలు పెట్రోలు వాసన వేయదు. పాతబడిన వార్నీషు వాసన వేయును. అందలి తేలికభాగము ఆవిరైపోగా మిగిలినది జిగురై సన్నని దారులను మూసివేయును. టాంకి దింపి కడిగించి, పెట్రోలు గొట్టములన్నియు మార్పించితిమి. ఇప్పుడు మన దేశమున పెట్రోలులో ఎథనాలు కలుపుచున్నారు. 2025 నాటికి అది నూటికి 20 పాళ్ళయినది. ఎథనాలు నీటిని పీల్చుకొనును. పాతకాలపు రబ్బరును మెత్తబఱచును. కావున అట్టి పెట్రోలునకు తగిన గొట్టములనే అడిగి కొనవలెను.

కార్బురేటరును శుభ్రపఱచునప్పుడు మేము తలపిన్ను అందీయబోతిమి. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు, భర్త నిర్మించిన మోటారుబండిమీద ఇద్దఱు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా ఆమె తన టోపీకి గుచ్చు పిన్నుతోనే దానిని బాగుచేసికొనెనట. మోటారుబండిమీద మొట్టమొదటి దూరప్రయాణము చేసినది ఒక స్త్రీ యని మన బాలికలకు చెప్పవలసిన మాటయే. ఐనను మేస్త్రీ మా పిన్నును పుచ్చుకొనలేదు. కార్బురేటరులోని సన్నని రంధ్రము పిన్ను గీఱుడుకు వెడల్పగునట. ద్రావకముతో నానబెట్టి, గాలితో ఊదియే శుభ్రపఱచెను.

పెట్రోలు పనియున్నంతసేపు ఆ చోట పొయ్యి, దీపము, అగరువత్తి ఏదియు వెలిగింపరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంబడి ప్రాకి దూరముననున్న నిప్పును అందుకొనగలదు. అత్తగారు బండికి కర్పూరహారతి యిత్తుమనిరి. అది బండి వీథిలో చల్లబడి నిలిచినపిమ్మట అని మేము వారికి నచ్చజెప్పితిమి. ఇసుక బకెట్లు రెండును, నిప్పునార్పు పొడిడబ్బా యొకటియు దగ్గఱనుంచితిమి. పెట్రోలు మంటపై నీరు పోయరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును.

విద్యుత్తు, నూనెపంపు

బ్యాటరీ 12 వోల్టులది. నిండుగానున్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12నకు దిగినచో అది ఆకలిగొన్నదే. బ్యాటరీని నింపునప్పుడు దానినుండి మండుగుణముగల వాయువు వెలువడును. కావున గాలివచ్చుచోట నింపవలెను. ప్లగ్గులను తుడిచి, కొనల నడుమ 0.6 మిల్లీమీటరు సందు ఉంచిరి. తుప్పుపట్టిన పాయింట్లను సన్నని ఉప్పుకాగితముతో మెఱుగుపెట్టి 0.4 మిల్లీమీటరు సందు సరిచూచిరి.

అప్పుడు చేసిన పని చాలమంది మఱచునది. ప్లగ్గులు బిగింపకుండగనే, నిప్పురవ్వ పుట్టకుండ కాయిలు తీగె విప్పియుంచి, సెల్ఫు తీగెలను కలిపి ఇంజనును తేలికగా త్రిప్పిరి. ప్లగ్గులు లేనందున ఇంజనుకు బరువుండదు. నూనెపంపు మాత్రము తిరిగి నూనెను పైకి తోడును. పది క్షణములు త్రిప్పుట, నిమిషము ఆగుట. ఇట్లు నాలుగు మార్లు చేయగా నూనె ఒత్తిడి చూపు ఎఱ్ఱదీపము ఆరిపోయెను. సిలిండరులలో మిగిలిన నూనె ప్లగ్గు గుంటలనుండి చిమ్మెను. ముందే గుడ్డ కప్పితిమి గనుక చీరలు దక్కెను. దీపము ఆరకున్నచో ముందునకు పోరాదు.

తాళము ముడి విప్పిన నాడు

పదునొకండవనాడు మధ్యాహ్నము రెండు గంటలు దాటినపిమ్మట, బేరములు పలుచబడిన వేళ, కలాసీలు నలుగురు వచ్చి బండిని షెడ్డునుండి సందులోనికి త్రోసిరి. షెడ్డులోనే నడిపి చూడరాదా యని కొందఱకు తోచవచ్చును. ఎంతమాత్రము కూడదు. బండిపొగలో కార్బను మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి వాసన లేదు, రంగు లేదు. మూసిన గదిలో అది మనుష్యుని కొలదిసేపటిలో చంపగలదు. పొగగొట్టము ఇంటి కిటికీలవైపునకు త్రిప్పి యుంచుటయు తప్పే.

చక్రములకు దిమ్మెలు పెట్టిరి. ఉల్లిపాయల దుకాణమువాడును, కరివేపాకు అమ్ము ముసలమ్మయు చూడవచ్చిరి. మేస్త్రీ బానెట్టు దగ్గఱ నిలిచి, "తాళం తెండమ్మా" అనెను. అత్తగారు కొంగు ముడి విప్పి, మనుమనికి ఇయ్యబోయి ఆగిరి. "మీరే తిప్పండి" అని మా వారు తలుపు తెఱచిరి. ముప్పది యేండ్లు వెనుక సీటులోనే కూర్చున్న ఆమె ఆనాడు మొదటిసారి స్టీరింగు ముందు కూర్చుండెను.

మొదటిమారు ఇంజను తిరిగెనుగాని పలుకలేదు. పది క్షణములకు ఆపించిరి. ఎడతెఱపిలేక త్రిప్పినచో సెల్ఫు మోటారు కాలును. నిమిషము ఆగి రెండవమారు త్రిప్పగా దగ్గి ఊరకుండెను. మూడవమారు అందుకొనెను. నీలిపొగ సందంతయు నిండెను; కరివేపాకు ముసలమ్మ కొంగు ముక్కుకు అడ్డము పెట్టుకొని నవ్వెను. ఆ పొగ సిలిండరులలో పోసిన నూనె కాలుటచేత వచ్చునది. కొన్ని నిమిషములలో పలుచబడును. ఎఱ్ఱదీపము ఆరియే యుండెను. మేస్త్రీ ఇంజనును మొఱయింపనీయక, నెమ్మదిగానే నడపించి, నూనె, నీరు, పెట్రోలు కారుచున్నవేమో చూచెను. ఒక నీటిగొట్టము దగ్గఱ చుక్కలు కనబడగా మూడు నిమిషములకే ఆపించి, బిగింపు సరిచేసి, మరల నడపెను.

అత్తగారు స్టీరింగుమీద చేతులు పెట్టి వినుచు కూర్చుండిరి. మేము ఏదో అడుగబోవునంతలో, "మీ మామగారి రోజుల్లోనూ ఇంతే. మూడోసారికి గాని పలికేది కాదు" అనిరి. గోడమీది సంఖ్యను మా మఱదియే తడిగుడ్డతో తుడిచివేసెను.

ఆనాడు బండిని ఊరిలోనికి తీయలేదు. ఇంజను పలికినంత మాత్రమున బండి రోడ్డునకు తగినది కాదు. బ్రేకు నూనె నీటిని పీల్చుకొని చెడియుండును. చక్రములయొద్ద బ్రేకులు బిగిసియుండును. పదియేండ్ల టైర్లు చూచుటకు బాగున్నను నమ్మదగినవి కావు. అవియన్నియు మార్పించితిమి. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట పరీక్ష చేయించి 5 ఏండ్లకొకసారి పునరుద్ధరింపవలెను. బీమా లేనిదే రోడ్డెక్కరాదు. ఈ పత్రములన్నియు ముగిసి, కొలదిదూరము నడచినపిమ్మట లోపలి మురికినంతటిని దింపుటకు ఇంజను నూనెను మరల ఒకమారు మార్చితిమి. వైశాఖమాసమున అత్తగారు సింహాచలము పోయివచ్చిరి. తాళము మాత్రము ఇంకను వారి కొంగుననే యున్నది.

బండి మరల మూలబడకుండుటకు వారమునకొకసారి దానిని కొన్ని మైళ్ళు త్రిప్పుచున్నాము. ఇంటిముందే రెండు నిమిషములు మొఱయించి ఆపుట మేలుకంటె కీడు. ఇంజను పూర్తిగా వేడెక్కక పొగలోని నీరు లోపలనే నిలిచి తుప్పు పట్టించును.

మీ యింటనో, పుట్టింటనో ఇట్టి బండి టార్పాలిను క్రింద నుండవచ్చును. దానిని లేపుదమని ఎవరైనను ఉత్సాహముతో బ్యాటరీ తెచ్చిననాడు మీరు చేయవలసిన మొదటి పని, తాళమును అడిగి పుచ్చుకొని మీ కొంగున ముడివేసికొనుటయే. నూనె తడిసి, చేతితో తిరిగి, వాల్వులు లేచి, ఎఱ్ఱదీపము ఆరి, బండి ఆరుబయట నిలిచినపిమ్మట ఆ ముడి విప్పవచ్చును.